సి-కిట్ పాజిటివ్, సి-మెట్ పాజిటివ్: కంటి మెలనోమాలో ఏ పరీక్షకు, ఏ మందుకు ఎంత విలువ

కన్ను తీశాకో, బయాప్సీ చేశాకో చేతికొచ్చే పాథాలజీ రిపోర్టు చివర్లో కొన్నిసార్లు ఇలా రాసి ఉంటుంది: సీడీ117 (సి-కిట్‌కే ఇంకో పేరు) పాజిటివ్, సి-మెట్ పాజిటివ్, ఐజీఎఫ్-1ఆర్ పాజిటివ్. ఇవన్నీ గ్రోత్ ఫ్యాక్టర్ గ్రాహకాలు. అంటే కణం పైపొరలో కూర్చుని, బయటి నుంచి వచ్చే ‘పెరుగు’ అన్న సందేశాన్ని లోపలికి చేరవేసే ప్రొటీన్లు. ఇంటికి వచ్చి వెతికితే వీటిని అడ్డుకునే మందుల పేర్లు కూడా దొరుకుతాయి. ఇమాటినిబ్, క్రిజోటినిబ్, సునిటినిబ్ ఎప్పటినుంచో మార్కెట్లో ఉన్నవే. పాజిటివ్ అని రాశారు, మందు ఉంది, మరి ఎందుకు మొదలుపెట్టరు అని అడగడం సహజం.

రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 పాజిటివ్ అంటే ట్రాస్టుజుమాబ్‌కు దారి తెరుచుకున్నట్టే. కంటి మెలనోమాలో ఆ లెక్క పనిచేయదు. ఇక్కడ సి-కిట్ పాజిటివ్ అంటే ఆ గడ్డ మెలనిన్ తయారుచేసే కణం నుంచి పుట్టిందని చెప్పడమే, అంతకుమించి పెద్దగా ఏమీ లేదు. గ్రాహకం ఉండటం ఒకటి, గడ్డ దాని మీద ఆధారపడి బతకడం ఇంకొకటి. కింద చెప్పే పోలికలన్నిటికీ ఈ తేడాయే ఆధారం.

ముందు తేల్చాల్సింది: కంట్లో ఎక్కడ?

‘కంటి మెలనోమా’ అన్న ఒక్క పేరు కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయి.

కంటి లోపలి యువియా పొరలో పుట్టేది యువియల్ మెలనోమా. రెటీనా వెనకుండే కోరాయిడ్‌లో సుమారు 90 శాతం, మిగిలినవి సీలియరీ బాడీలో, ఐరిస్‌లో వస్తాయి. తెల్లగుడ్డును కప్పే పల్చటి పొర మీద పుట్టేది కంజంక్టైవల్ మెలనోమా. ఇది కంటిలో ఉన్నా గుణం చర్మపు మెలనోమాది. దాదాపు మూడో వంతు కేసుల్లో బీరాఫ్ జన్యువులో మార్పు ఉంటుంది. అది వీ600ఈ మార్పయితే, జబ్బు పాకినప్పుడు డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మందుల జంట గురించి ఆలోచించవచ్చు. ఎన్‌రాస్, ఎన్‌ఎఫ్1 మార్పులు కూడా కనిపిస్తాయి. కిట్ జన్యువులో అసలైన మార్పు అరుదుగా దొరుకుతుంది, దొరికితే ఇమాటినిబ్ మాట ఎత్తడానికి కారణం ఉన్నట్టే.

యువియల్ మెలనోమాలో, ముఖ్యంగా కోరాయిడ్ గడ్డల్లో, బీరాఫ్ మార్పు దాదాపు ఉండదు. అయినా బీరాఫ్ పరీక్ష రాసిస్తూనే ఉంటారు. ఆసియా దేశాల్లో ఈ జబ్బు తెల్లజాతీయుల్లో కన్నా చాలా తక్కువ కాబట్టి, జనరల్ ఆంకాలజిస్టుకు చేతిలో ఉండేది చర్మపు మెలనోమా చెక్‌లిస్టే. అదే ఇక్కడా వాడేస్తారు. రిపోర్టులో ‘మాలిగ్నెంట్ మెలనోమా, కన్ను’ అని మాత్రమే ఉంటే, యువియలా కంజంక్టైవలా అన్నది రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. ఈ ఒక్క మాట లేకపోతే తర్వాతి పరీక్షలన్నీ తప్పు దారి పడతాయి.

ఇక్కడి నుంచి చెప్పేదంతా యువియల్ మెలనోమా గురించే.

గడ్డ ఇంజిన్ గుమ్మం దగ్గర లేదు

పదింట సుమారు తొమ్మిది యువియల్ మెలనోమాల్లో జీఎన్ఏక్యూ లేదా జీఎన్ఏ11 జన్యువులో మార్పు ఉంటుంది, ఎక్కువగా 209వ స్థానంలో, కొద్దిమందిలో 183వ స్థానంలో. మొదటిది 2009లో, రెండోది 2010లో బయటపడ్డాయి. ఇవి తయారుచేసే జి-ప్రొటీన్లు గ్రాహకాలకు దిగువన ఉండే స్విచ్చులు. మార్పు వచ్చాక ఆ స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. అక్కడి నుంచి సంకేతం ఒక దారిలో పీకేసీ అనే ఎంజైమ్ మీదుగా మెక్ అనే ఇంకో ఎంజైమ్‌కు, ఇంకో దారిలో యాప్ అనే ప్రొటీన్‌కు వెళ్తుంది. రెండూ కణాన్ని విభజించుకోమనే చెబుతాయి.

ఇంట్లో కాలింగ్ బెల్ వైర్లు గోడలోనే కలిసిపోయి గంట ఆగకుండా మోగుతోందనుకోండి. గుమ్మం పక్కన బటన్ పీకేసి ఏం లాభం? సి-కిట్‌ను అడ్డుకునే మందు చేసేది ఆ బటన్ పీకడమే.

మరి గ్రాహకాలకు పాత్రే లేదా అంటే, ఉంది. గడ్డను పుట్టించడంలో కన్నా, పాకిన గడ్డను బతికించడంలో, ఇతర మందుల దెబ్బ నుంచి కాపాడటంలో వాటి పాత్ర ఎక్కువ. అందుకే గ్రాహకాల మందు ఒంటరిగా ఓడిపోయిన చోట, జంటలో పనికొచ్చే అవకాశం మిగిలింది. కింద ఒక్కో గ్రాహకాన్నీ ఆ కోణంలోనే తూకం వేశాం.

సి-కిట్: రిపోర్టులో ఎక్కువ, చికిత్సలో తక్కువ

మెలనోసైట్ (మెలనిన్ తయారుచేసే కణం) పుట్టి బతకడానికే సి-కిట్ కావాలి. కాబట్టి యువియల్ మెలనోమాల్లో ఎక్కువ భాగం సి-కిట్ స్టెయిన్‌లో రంగు పట్టడం, అంటే పాజిటివ్ రావడం, వింత కాదు. ఇమాటినిబ్ జీర్ణాశయపు జిస్ట్ గడ్డల్లో అద్భుతంగా పనిచేసింది. కారణం, అక్కడ కిట్ జన్యువులోనే మార్పు ఉండి, గ్రాహకం తనంతట తానే నడుస్తుంది. యువియల్ మెలనోమాలో ప్రొటీన్ ఉంది, జన్యువులో మార్పు లేదు. పాకిన జబ్బులో ఇమాటినిబ్‌తో చేసిన చిన్న ప్రయోగాలు నిరాశపరిచాయి. సునిటినిబ్ కిట్‌తో పాటు, కొత్త రక్తనాళాలు పుట్టమనే సందేశాన్ని అందుకునే వీఈజీఎఫ్ గ్రాహకాలనూ అడ్డుకుంటుంది. దాన్ని పాత కీమో మందు డకార్బజీన్‌తో నేరుగా పోల్చినా పైచేయి కాలేదు. సీడీ117 పాజిటివ్ అన్న ఒక్క మాట పట్టుకుని ఇమాటినిబ్ కొనకండి.

సి-మెట్: ఒంటరిగా కాదు, జంటలో

మనసు పెట్టి చదవాల్సిన గ్రాహకం ఇదే. యువియల్ మెలనోమా పాకితే సుమారు 90 శాతం మందిలో కాలేయానికి పోతుంది. కంటి లోపల లింఫ్ నాళాలు లేవు, కణాలు రక్తం ద్వారానే ప్రయాణించాలి. కానీ రక్తం ఊపిరితిత్తులకూ వెళ్తుంది కదా, కాలేయంలోనే ఎందుకు పాతుకుంటాయి? ఒక బలమైన వివరణ హెచ్‌జీఎఫ్. సి-మెట్ గ్రాహకాన్ని తట్టిలేపే ఈ పదార్థాన్ని కాలేయంలోని స్టెలేట్ కణాలు పుష్కలంగా తయారుచేస్తాయి. గడ్డ కణం మీద సి-మెట్ ఉంటే, కాలేయం దానికి ఎరువు వేసిన మడి లాంటిది.

ఈ ఊహతోనే మందులు పరీక్షించారు. ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడండి.

కాబోజాంటినిబ్ మెట్‌నూ వీఈజీఎఫ్ గ్రాహకాలనూ అడ్డుకుంటుంది. పాకిన యువియల్ మెలనోమాలో దీన్ని టెమోజోలమైడ్ లేదా డకార్బజీన్‌తో పోల్చారు. రెండు వైపులా జబ్బు సుమారు రెండు నెలలకే ముందుకు కదిలింది. దుష్ఫలితాలు మాత్రం కాబోజాంటినిబ్ వైపే ఎక్కువ.

ఇదీ మెట్‌ను అడ్డుకునేదే అయిన క్రిజోటినిబ్‌ను జబ్బు ఇంకా పాకని, కానీ ముప్పు ఎక్కువగా ఉన్న 34 మందికి ముందుజాగ్రత్తగా ఇచ్చి చూశారు. 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, సుమారు 48 వారాలు. 32 నెలలకు సగం మందిలో జబ్బు తిరగబెట్టింది. ఆ స్థాయి ముప్పు ఉన్నవాళ్లలో మందు లేకుండా ఎదురుచూసే దానికన్నా ఇది మెరుగు కాదు.

ఇక మూడోది, దరోవాసెర్టిబ్, క్రిజోటినిబ్ జంట. దరోవాసెర్టిబ్ పీకేసీని, అంటే గోడలో కలిసిపోయిన వైరునే తాకుతుంది. మెక్‌ను అడ్డుకునే మందులు ఈ జబ్బులో ఎందుకు నిలబడలేదో ల్యాబులో వెతికినప్పుడు, కాలేయం నుంచి వచ్చే హెచ్‌జీఎఫ్, ఎన్‌ఆర్‌జీ1 అనే రెండు పదార్థాలు కణాన్ని కాపాడుతున్నట్టు తేలింది. ఒకటి మెట్ ద్వారా, ఇంకొకటి హెర్3 అనే గ్రాహకం ద్వారా. లోపలి దారి మూసేటప్పుడే మెట్ తలుపు కూడా మూస్తే తప్పించుకునే సందు తగ్గుతుందన్నది ఈ జంట వెనక తర్కం. పాకిన జబ్బులో గడ్డలు కుంచించుకున్న రోగులు ఒంటరి మందులతో పోలిస్తే స్పష్టంగా ఎక్కువ. అందుకే 2023లో హెచ్‌ఎల్‌ఏ-ఏ*02:01 (కణాల మీదుండే రోగనిరోధక గుర్తుల్లో ఒక రకం, దీని సంగతి కింద చెప్పాం) లేని రోగుల కోసం 2/3 దశల పెద్ద ప్రయోగం మొదలైంది. ఇందులో క్రిజోటినిబ్ మోతాదు మామూలు 250 కాదు, 200 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. దరోవాసెర్టిబ్ 300 మిల్లీగ్రాములు రెండుసార్లు.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. జంటలో ఒక మందు, అంటే క్రిజోటినిబ్, బయట దొరుకుతుంది కదా, రెండోది వచ్చేలోపు దీన్ని మొదలుపెడదాం అనుకుంటారు. పై ప్రయోగాలు చూస్తే ఒంటరి క్రిజోటినిబ్ నిలబడలేదని అర్థమవుతుంది. పైగా ముందే వాడిన మందుల వల్ల తర్వాత ఆ ప్రయోగంలో చేరే అర్హతే పోవచ్చు. క్లినికల్ ట్రయల్ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు ఏ మాత్ర మింగే ముందైనా ఆ ట్రయల్ అర్హత షరతులు చదివించుకోవాలి.

ఐజీఎఫ్-1ఆర్: కథ బాగుంది, ఫలితం లేదు

ఐజీఎఫ్-1 కూడా ఎక్కువగా కాలేయంలోనే తయారవుతుంది. గడ్డలో ఐజీఎఫ్-1ఆర్ ఎక్కువగా ఉన్నవాళ్లలో జబ్బు పాకి చనిపోయే ముప్పు ఎక్కువని 2000ల మొదట్లో స్వీడన్ పరిశోధకులు గమనించారు. కాలేయానికే పాకడం అనే చిక్కుముడికి ఇది కూడా చక్కగా అతికే వివరణ. కానీ ఈ గ్రాహకాన్ని అడ్డుకునే సిక్సుటుముమాబ్ యాంటీబాడీని పాకిన జబ్బున్న 18 మందికి ఇస్తే ఒక్కరిలో కూడా గడ్డ కొలవదగినంత కుంచించుకోలేదు. కొందరిలో ‘స్థిరంగా ఉంది’ అని రాశారు.

ఆ ‘స్థిరంగా ఉంది’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. యువియల్ మెలనోమా కాలేయంలో కొందరిలో ఏ మందూ లేకుండానే కొన్ని నెలలు కదలకుండా ఉంటుంది. కాబట్టి పోల్చే గుంపు లేని చిన్న ప్రయోగంలో స్థిరత్వం మందు గొప్పా, జబ్బు స్వభావమా అని తేల్చలేం. పాత మందులన్నీ కలిపి 29 ప్రయోగాల్లోని 912 మంది లెక్కలు చూస్తే, జబ్బు కదలకుండా ఉన్న సగటు కాలం 3.3 నెలలు, బతికిన సగటు కాలం 10.2 నెలలు (రెండూ మధ్యస్థ విలువలే). ఏ కొత్త మందు గురించి విన్నా ముందు ఈ రెండు అంకెల పక్కన పెట్టి చూడండి.

ఇదే గ్రాహకాన్ని అడ్డుకునే టెప్రోటుముమాబ్ థైరాయిడ్ వల్ల కళ్లు ముందుకు పొడుచుకొచ్చే జబ్బులో బాగా పనిచేసింది, 2020లో అమెరికాలో అనుమతి కూడా పొందింది. అదీ కంటి జబ్బే, గ్రాహకమూ అదే, కానీ అక్కడ జబ్బును నడిపేది గ్రాహకం. ఆ వార్త చూసి ఇక్కడికి అన్వయించుకోకూడదు. ఈ తరగతి మందులు రక్తంలో చక్కెరను పెంచుతాయి, వినికిడిని దెబ్బతీయగలవు. షుగర్ ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మిగిలినవి

ఈజీఎఫ్‌ఆర్ కొన్ని గడ్డల్లో కనిపిస్తుంది, అంతే. చికిత్సను మార్చే సమాచారం కాదు. హెర్2, హెర్3 ల్యాబు స్థాయిలో ఆసక్తికరమైనవి. ఎఫ్‌జీఎఫ్ గ్రాహకాలు కూడా కొన్ని మందులకు గడ్డ మొండికేయడంలో చెయ్యి వేస్తాయని ల్యాబులో తేలింది. వీటి కోసం సొంత డబ్బుతో ఐహెచ్‌సి స్టెయిన్లు (గడ్డ ముక్కకు రంగు వేసి ఒక ప్రొటీన్ ఉందో లేదో చూసే పరీక్ష) చేయించడం వృథా.

సోరాఫెనిబ్ సంగతి వేరు. ఇది వీఈజీఎఫ్ గ్రాహకాలతో పాటు చాలావాటిని అడ్డుకుంటుంది. జర్మనీలో జరిగిన స్ట్రీమ్ ప్రయోగంలో మొదట స్థిరంగా ఉన్న రోగులను రెండుగా చీల్చి, ఒక వైపు మందు, ఇంకో వైపు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. జబ్బు కదలని కాలం 5.5 నెలలు, 1.9 నెలలు. తేడా నిజమే. కానీ మొత్తం బతికిన కాలంలో తేడా లేదు. ఇంకేదీ అందుబాటులో లేనప్పుడు డాక్టరు దీన్ని ప్రస్తావిస్తే పూర్తిగా అర్థం లేని మాట అని కొట్టిపారేయలేం. చేతుల, కాళ్ల చర్మం ఊడటం, బీపీ, విరేచనాలు భరించే రోగి అయితేనే.

కంట్లో వేసే వీఈజీఎఫ్ ఇంజెక్షన్లు: వాటి పని వేరు

ఇక్కడ జనం ఎక్కువగా తికమకపడతారు. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్‌లను గడ్డను చంపడానికి వాడరు. రేడియోధార్మిక ప్లాక్ (కంటి గోడకు బయటి నుంచి కొన్నాళ్లు కుట్టి ఉంచే చిన్న పలక) పెట్టి గడ్డకు చికిత్స చేశాక, నెలలు గడిచేకొద్దీ రెటీనా రక్తనాళాలు దెబ్బతిని, రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో నీరు చేరుతుంది. ఆ వాపును తగ్గించడానికి ఇవి. అమెరికాలోని ఫిలడెల్ఫియా వైద్యులు ప్లాక్ తీసే రోజు మొదలుపెట్టి ప్రతి 4 నెలలకు, రెండేళ్లపాటు బెవాసిజుమాబ్ ఇచ్చి మాక్యులా వాపు తక్కువగా రావడం చూశారు. వాపు వచ్చాక ఇచ్చేటప్పుడు మొదట నెల నెలా ఇచ్చి, స్కాన్ చూసి ఎడం పెంచడం సాధారణం.

మూడింట్లో ఏది? మోతాదులు 0.05 మిల్లీలీటరులో వరుసగా 1.25, 0.5, 2 మిల్లీగ్రాములు. ఖర్చులో బెవాసిజుమాబ్ అందరికన్నా చవక, ఎందుకంటే క్యాన్సర్ కోసం తయారైన పెద్ద వయల్ నుంచి చిన్న చిన్న మోతాదులుగా విడదీసి వాడతారు. దాని బలహీనతా అదే. విడదీసే చోట శుభ్రత తప్పితే ఒకే వయల్ నుంచి వరుసగా పలువురి కళ్లకు ఇన్‌ఫెక్షన్ పాకగలదు. ఒకే చూపున్న కన్ను మిగిలిన రోగి విషయంలో, వయల్ ఎక్కడ, ఎవరు విడదీశారో అడగడం మర్యాద తప్పడం కాదు. సమాధానం సరిగా లేకపోతే రోగికొక వయల్‌గా వచ్చే మందుకు వెళ్లడమే మా సలహా, ఖర్చు ఎక్కువైనా సరే. వీటికి లొంగని వాపుకు 0.7 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ ఇంప్లాంట్ ఉంది. దానితో కంటి ఒత్తిడి, శుక్లం రెండిటినీ గమనించుకోవాలి.

దీనికి ఉల్టా తప్పు ఇంకా ప్రమాదం. మాక్యులా పక్కన చిన్న మెలనోమా నుంచి నీరు ఊరుతుంటే, వయసుతో వచ్చే మాక్యులా జబ్బనుకుని నెలల తరబడి ఇంజెక్షన్లు ఇస్తూ పోతారు. నీరు కాస్త తగ్గుతుంది, చూపు మెరుగైనట్టుంటుంది, గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మూడు ఇంజెక్షన్లకూ ఫలితం అనుకున్నట్టు లేకపోయినా, రెటీనా కింద నారింజ రంగు మచ్చ గానీ 2 మిల్లీమీటర్లు దాటిన మందం గానీ ఉన్నా, బి-స్కాన్ అల్ట్రాసౌండ్ చేయించి కంటి క్యాన్సర్ నిపుణులకు చూపించాలి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కంటి క్యాన్సర్‌కు ప్రత్యేక విభాగం ఉంది.

పరీక్షల్లో ఏది ముందు

గ్రాహకాల స్టెయిన్లు చివర్లో, అదీ ఎవరైనా ట్రయల్ వాళ్లు అడిగితేనే. డబ్బు పరిమితమైతే మేం చెప్పే వరుస ఇది.

మొదటిది బీఏపీ1 స్టెయిన్. 3వ క్రోమోజోమ్ మీదుండే ఈ జన్యువు పోతే జబ్బు పాకే ముప్పు ఒక్కసారిగా పెరుగుతుంది. కన్ను తీసినవాళ్లకు పారఫిన్ బ్లాక్ ఎలాగూ ఉంటుంది, ఏ మంచి పాథాలజీ ల్యాబైనా చేయగలదు, ఖర్చు తక్కువ. చదివేటప్పుడు ‘కణ కేంద్రకంలో రంగు పోయింది’ అంటే చెడు సంకేతం. మామూలుగా పాజిటివ్ అంటే భయం, నెగెటివ్ అంటే ఊరట. ఇక్కడ తిరగబడుతుంది, కుటుంబాలు రిపోర్టు తప్పుగా చదువుకునేది ఇక్కడే. కుటుంబంలో మెసోథీలియోమా (ఊపిరితిత్తుల వంటి అవయవాల చుట్టూ ఉండే పల్చటి పొరలో వచ్చే క్యాన్సర్), కిడ్నీ క్యాన్సర్, మెలనోమా ఇంకెవరికైనా ఉంటే, పుట్టుకతో వచ్చే బీఏపీ1 మార్పు కోసం రక్త పరీక్ష కూడా అడగాలి.

ఏ స్టెయిన్ చేయించినా ఒక సాంకేతిక జాగ్రత్త ఉంది. మామూలుగా వాడే డీఏబీ రంగు గోధుమది. మెలనిన్ కూడా గోధుమదే. నల్లగా ఉన్న గడ్డలో ఏది స్టెయినో ఏది సహజ రంగో తెలియక, లేని గ్రాహకాన్ని ఉన్నట్టు రాసేస్తారు. ఎర్ర రంగు ఇచ్చే రసాయనంతో చేయమనాలి, లేదా ముందు మెలనిన్‌ను వెలిసిపోయేలా బ్లీచ్ చేయమనాలి. మీ రిపోర్టులో సి-మెట్ పాజిటివ్ అని ఉండి రంగు సంగతి రాయకపోతే ఆ పాజిటివ్‌ను సగమే నమ్మండి.

రెండోది క్రోమోజోమ్ లేదా జన్యు ముప్పు పరీక్ష. ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి 3వ క్రోమోజోమ్ పోయిందా, 8వ దానిలో పొడవాటి భాగం అదనంగా ఉందా అని చూసే ఎంఎల్‌పీఏ లేదా ఎస్‌ఎన్‌పీ అరే. ఇంకొకటి అమెరికాలో విరివిగా వాడే 15 జన్యువుల వ్యక్తీకరణ పరీక్ష. అది గడ్డను 1ఏ, 1బీ, 2 తరగతులుగా విడదీస్తుంది, 2వ తరగతిది ఎక్కువ ముప్పు. అది మెరుగైన పరీక్షే, కానీ నమూనాను విదేశానికి పంపాలి, ఆర్‌ఎన్‌ఏ పాడవకుండా చేరాలి. మన దగ్గర ఉన్నవాళ్లకు మొదటి దారి చాలు. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు చికిత్స అక్కడే చేయించుకుంటుంటే రెండోదే సులువు.

ప్లాక్ చికిత్సకు వెళ్తున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: 25 లేదా 27 గేజ్ సన్న సూదితో నమూనా ప్లాక్ కుట్టే రోజే తీయించుకోవాలి. రేడియేషన్ తగిలిన తర్వాత కణాలు పనికొచ్చేలా దొరకడం కష్టం. చిన్న గడ్డల్లో కణాలు చాలక ‘ఫలితం రాలేదు’ అన్న జవాబు రావచ్చు, దాన్ని ‘ముప్పు లేదు’ అని అర్థం చేసుకోకూడదు.

మూడోది జన్యు ప్యానెల్. జీఎన్ఏక్యూ, జీఎన్ఏ11, బీఏపీ1, ఎస్‌ఎఫ్3బీ1, ఈఐఎఫ్1ఏఎక్స్ ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ కోసం చేసిన చిన్న ప్యానెళ్లలో ఇవి చాలాసార్లు ఉండవు. ఈఐఎఫ్1ఏఎక్స్ మార్పు తక్కువ ముప్పును, ఎస్‌ఎఫ్3బీ1 ఆలస్యంగా, ఏళ్ల తర్వాత పాకే ముప్పును సూచిస్తాయి. నల్లటి గడ్డలో మెలనిన్ డీఎన్ఏతో కలిసి వచ్చి పీసీఆర్‌ను (డీఎన్ఏకు అనేక నకళ్లు తీసే ప్రక్రియను) ఆపేస్తుంది. ‘నమూనా విఫలం’ అని వస్తే, మెలనిన్ తీసేసే శుద్ధి చేసి మళ్లీ నడిపారా అని అడగండి. ఒక్క అదనపు దశతో ఫలితం వచ్చే అవకాశం ఉంటుంది.

పాకిన జబ్బులో అన్నిటికన్నా ముందు: హెచ్‌ఎల్‌ఏ

దీనికి గడ్డతో పనిలేదు. ఈడీటీఏ ట్యూబులో కొద్దిపాటి రక్తం చాలు. ఈ ఒక్క ఫలితం మీద మందుల చెట్టు రెండు కొమ్మలుగా చీలుతుంది.

టెబెంటాఫస్ప్ 2022 జనవరిలో అమెరికాలో అనుమతి పొందింది. అది గ్రాహకం మందు కాదు. గడ్డ కణాల మీద కనిపించే జీపీ100 అనే ప్రొటీన్ ముక్కనూ, రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీ-కణాన్నీ కలిపి కట్టే వంతెన. 378 మంది ప్రయోగంలో ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 73 శాతం, పోల్చిన గుంపులో 59 శాతం. పాకిన యువియల్ మెలనోమాలో ఆయుష్షు పెంచినట్టు పెద్ద ప్రయోగంలో నిరూపించిన మొదటి మందు ఇదే. గడ్డ కుంచించుకున్నది మాత్రం పదిలో ఒకరికి కూడా కాదు, అందుకే స్కాన్‌లో గడ్డ అలాగే ఉందని తొందరపడి ఆపడం తప్పు. మొదటి వారం 20, రెండో వారం 30, తర్వాత వారం వారం 68 మైక్రోగ్రాములు. మొదటి మూడు డోసుల తర్వాత జ్వరం, బీపీ పడిపోవడం రావచ్చు కాబట్టి ఒక్కోసారికి కనీసం 16 గంటలు ఆసుపత్రిలోనే ఉంచుతారు.

ఈ మందు హెచ్‌ఎల్‌ఏ-ఏ*02:01 ఉన్నవాళ్లకే. యూరప్ మూలాలవాళ్లలో దాదాపు సగం మందికి ఉంటుంది. మన దేశంలో ఏ2 కుటుంబంలోనే 02:11, 02:06, 02:03 లాంటి అన్నదమ్ములు కూడా గణనీయంగా కనిపిస్తాయి. ల్యాబు తక్కువ స్పష్టతతో చేస్తే రిపోర్టులో ‘ఏ*02’ అని మాత్రమే వస్తుంది. దాన్ని చూసి మందు ఖాయమనుకోవడం, ఎంత ఖరీదైన మందో తెలిసి కూడా, పెద్ద పొరపాటు. రిపోర్టులో కోలన్ తర్వాతి రెండంకెలు ఉండాలి. కిడ్నీ, ఎముక మజ్జ మార్పిడికి టైపింగ్ చేసే ల్యాబులే దీన్ని చేస్తాయి. ‘హై రిజల్యూషన్’ అని అడిగి చేయించుకోవాలి.

02:01 లేకపోతే, జబ్బు కాలేయానికే ఎక్కువగా పరిమితమైతే, కాలేయాన్ని లక్ష్యంగా చేసుకునే పద్ధతుల వైపు చూడాలి. కాలేయ రక్తప్రసరణను వేరుచేసి మెల్ఫలాన్ అనే కీమో మందు పంపే పరికరానికి అమెరికాలో 2023 ఆగస్టులో అనుమతి వచ్చింది. దాని ప్రయోగంలో 36 శాతం మందిలో గడ్డలు కుంచించుకున్నాయి. కాలేయంలో సగానికన్నా ఎక్కువ జబ్బు ఆక్రమించిన తర్వాత ఇది కుదరదు. రోగనిరోధక శక్తిని రేపే ఇపిలిముమాబ్, నివోలుమాబ్ మందుల జంటకు స్పందన 12 నుంచి 18 శాతం దాకా కనిపించింది. చర్మపు మెలనోమాలో వచ్చే ఫలితంతో పోలిస్తే ఇది చాలా తక్కువ, దుష్ఫలితాలు మాత్రం తగ్గవు. దరోవాసెర్టిబ్, క్రిజోటినిబ్ జంట ట్రయల్‌లో చోటు దొరికితే, ఈ కొమ్మలో మేం మొదట ప్రయత్నించమనేది అదే. యువియల్ మెలనోమాలో గ్రోత్ ఫ్యాక్టర్ గ్రాహకం మందు తన పని తాను చేయగలిగిన చోటు ఇప్పటికి అదొక్కటే.

మెక్ మందు సెలుమెటినిబ్ సంగతి తెలిసుండాలి. ఒక ప్రయోగంలో జబ్బు కదలని కాలం 7 వారాల నుంచి 15.9 వారాలకు పెరిగింది, ఆశ రేగింది. డకార్బజీన్‌తో కలిపి పెద్ద ప్రయోగం చేస్తే, కీమో ఒక్కటే ఇచ్చినదాని మీద నిజమైన లాభం కనిపించలేదు.

ఒకే కన్ను మిగిలినవాళ్లకు

మందు ఎంచుకునేటప్పుడు ఆంకాలజిస్టు లివర్, గుండె, రక్తకణాలు చూస్తారు. కన్ను చూడటం మీరు గుర్తుచేయాలి. మెక్ మందులు రెటీనా కింద నీటి బుడగలు తెప్పించగలవు. మందు ఆపితే సాధారణంగా తగ్గుతాయి, కానీ ఒక్క కన్నే ఉన్న మనిషికి ఆ కొన్ని వారాలు కూడా కష్టం. క్రిజోటినిబ్ తీసుకునేవాళ్లలో చాలామందికి చీకట్లో నుంచి వెలుగులోకి వచ్చినప్పుడు తళుకులు, కాంతి చారలు కనిపిస్తాయి. ఎక్కువసార్లు హానిలేనివే. అయినా మొదటి కొన్ని వారాలు రాత్రిపూట బండి నడపకపోవడం మంచిది. నాడి వేగం తగ్గడం, ఈసీజీలో క్యూటీ (గుండె లయకు సంబంధించిన ఒక కొలత) పెరగడం కూడా ఉంటాయి, బీపీ కోసం బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లు ముందే చెప్పాలి. మందు మొదలుపెట్టే ముందు మిగిలిన కంటికి, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ ఒకటి తీయించి దాచుకుంటే, తర్వాత వచ్చిన మార్పు మందుదా కాదా అన్నది తేల్చుకోవడానికి పోలిక ఉంటుంది.

జబ్బు పాకని, కానీ ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఏ గ్రాహకం మందూ ఇప్పటికి ముందుజాగ్రత్తగా నిలబడలేదు. వాళ్లు ఖర్చు పెట్టాల్సింది కాలేయపు స్కాన్ల మీద. కాంట్రాస్ట్‌తో ఎంఆర్‌ఐ, మొదటి ఐదేళ్లు 6 నెలలకోసారి. లివర్ ఫంక్షన్ రక్త పరీక్ష మాత్రమే చేయిస్తే చాలదు, గడ్డలు బాగా పెరిగేదాకా అంకెలు మామూలుగానే ఉంటాయి. అల్ట్రాసౌండ్ చవక, కానీ చిన్న మచ్చలను వదిలేస్తుంది. ఎంఆర్‌ఐ భరించలేనివాళ్లు రెండింటినీ మార్చి మార్చి చేయించుకోవచ్చు. అప్పుడు కనీసం ప్రతి ఏడాదీ ఒక ఎంఆర్‌ఐ తప్పనిసరి.

రెండో అభిప్రాయం కోసం వెళ్లేటప్పుడు రిపోర్టుల ఫైలు ఒక్కటే తీసుకెళ్లకండి. పారఫిన్ బ్లాక్, దానితో పాటు రంగు వేయని 10 స్లైడ్లు, అల్ట్రాసౌండ్‌లో కొలిచిన గడ్డ మందం, అడుగు వెడల్పు, చివరి కాలేయ స్కాన్ సీడీ, హెచ్‌ఎల్‌ఏ రిపోర్టు దగ్గర ఉండాలి. బ్లాక్ ఇచ్చేటప్పుడు ల్యాబు రసీదు తీసుకుని, తిరిగి తెచ్చుకునే తేదీ దాని మీదే రాయించుకోండి.